చేతికి వచ్చింది నోటికి రావడం లేదు

హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ రెస్పిరేటరీ థెరపీ (ఊపిరి అందని పేషెంట్లను వెంటిలేటర్ లాంటి మిషన్లతో చూసుకునే కోర్సు) చివరి సంవత్సరం చదువుతున్న అమ్మాయి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. పేరు, ఊరు వేయొద్దని కోరింది. వాళ్లది పల్నాడు వైపు. నాన్న మిర్చి కౌలు చేస్తారు. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. థియరీ పేపర్లన్నీ గట్టెక్కాయి, ప్రాక్టికల్ వైవాలో (నోటితో జవాబులు చెప్పే పరీక్షలో) మాత్రం తప్పింది. సప్లిమెంటరీకి ఇంకా రెండు నెలలుంది.

వైవాలో జరిగింది ఆమె మాటల్లోనే ఇస్తున్నాను, బ్రాకెట్లలోవి నేను చేర్చినవి. "మొదటి ప్రశ్న: ఆడమనిషి, ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 80 కేజీలు, టైడల్ వాల్యూమ్ (వెంటిలేటర్ ఒక్కో ఊపిరికి ఇచ్చే గాలి) ఎంత పెడతావు? కేజీకి 8 (ఎంఎల్) అని గుర్తుంది. 80ని 8తో గుణించి 640 అన్నాను. ఎగ్జామినర్ గారు పెన్ను కింద పెట్టేసి, ఆ ఊపిరితిత్తులు ఏమవుతాయో తెలుసా అన్నారు. అక్కడితో నా బుర్ర పనిచేయడం మానేసింది. తర్వాత ఏబీజీ (ధమని రక్తంలో వాయువుల పరీక్ష రిపోర్టు) ఇచ్చారు. పీహెచ్ 7.25, సీఓటూ 60, ఆక్సిజన్ 90, రేట్ (నిమిషానికి ఊపిరులు) 12, ఎఫ్ఐఓటూ (ఇచ్చే గాలిలో ఆక్సిజన్ వంతు) 40 శాతం. ఏం మారుస్తావంటే ఎఫ్ఐఓటూ పెంచుతానన్నాను. హై ప్రెషర్ అలారానికి కారణాలు అడిగితే ఒక్కటి కూడా నోటికి రాలేదు. మేడమ్, నేను వారానికి నాలుగు రాత్రులు ఒక చిన్న ఆసుపత్రి ఐసీయూలో డ్యూటీ చేస్తాను. ఆ అలారం రోజూ వింటాను. సక్షన్ (ట్యూబులోంచి కఫం లాగేయడం) చేసేది నేనే. అక్కడ చేయి దానంతటదే వెళుతుంది. అడిగితే మాత్రం చెప్పలేను."

ఆ డ్యూటీకి నెలకు 12,000 వస్తాయి, సగం ఇంటికి పంపుతుంది. సీనియర్ ఒకరు ఆరు వందల బిట్ల పీడీఎఫ్ ఇచ్చి బట్టీ కొట్టమన్నారు. కాలేజీలో ఒక సార్ టెక్స్ట్‌బుక్ మొదటి నుంచీ చదవమన్నారు. రూమ్మేట్ ఇదంతా వదిలేసి అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్‌లో చేరమంటోంది. ఇంట్లో మాత్రం రిజల్ట్ ఇంకా రాలేదని చెప్పింది. తెలిస్తే చదువు మాన్పించి సంబంధాలు చూస్తారేమోనని భయం. "నేను ఈ పనికి పనికొస్తానా మేడమ్?" అని ఉత్తరం ముగించింది.

*

అమ్మా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఇరవై ఏళ్లకు పైగా వెంటిలేటర్ల పక్కన నిలబడ్డాను, నీలాంటి పిల్లలకు పాఠాలు చెప్పాను, వైవా బల్లకు అవతలి వైపూ కూర్చున్నాను. ఆ చోటు నుంచే చెబుతున్నాను. నువ్వు మూడు ప్రశ్నలు తప్పావు, ఆ మూడింటికీ కారణాలు వేరువేరు. అన్నీ కలిపి "నాకేమీ రాదు" అని మూట కట్టేసుకున్నావు. ముందు ఆ మూట విప్పుదాం.

640 సంగతి చూద్దాం. 8 అనే అంకె నీకు గుర్తుంది, అది తప్పు కాదు. దేన్ని గుణించాలన్న దగ్గర పొరపాటు పడ్డావు. మనిషి లావెక్కితే పొట్ట పెరుగుతుంది, ఊపిరితిత్తులు పెరగవు. అవి ఎత్తును బట్టి ఉంటాయి. అందుకే తక్కెడ మీద బరువు కాదు, ఎత్తు నుంచి లెక్కగట్టిన బరువు తీసుకుంటాం. ఆడవాళ్లకు 45.5, మగవాళ్లకు 50 కేజీల దగ్గర మొదలు. సెంటీమీటర్లలో ఎత్తులోంచి 152.4 తీసేసి, మిగిలినదాన్ని 0.91తో గుణించి దానికి కలపాలి. నీ పేషెంట్‌కు 155లోంచి 152.4 తీస్తే 2.6. 0.91తో గుణిస్తే దాదాపు 2.4. మొత్తం 47.9 కేజీలు. కేజీకి 6 అయితే 287 ఎంఎల్, 8 అయితే 383. అంటే 350 దగ్గర మొదలుపెట్టొచ్చు. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు వాచి, నీరు పట్టి బిగుసుకుపోయే జబ్బు) ఉందంటే 6 వైపుకు దిగాలి.

ఎగ్జామినర్ పెన్ను ఎందుకు కింద పెట్టారో ఇప్పుడు చూడు. నువ్వు చెప్పిన 640ని 47.9తో భాగిస్తే కేజీకి 13 దాటుతుంది. 2000లో అమెరికాలో ఏఆర్‌డీఎస్ నెట్‌వర్క్ వాళ్ల పరిశోధన అచ్చయింది. 861 మంది ఏఆర్‌డీఎస్ పేషెంట్లలో కొందరికి కేజీకి 12 ఎంఎల్, కొందరికి 6 ఎంఎల్ ఇచ్చి చూశారు. 12 ఇచ్చినవాళ్లలో దాదాపు 40 శాతం మంది చనిపోతే, 6 ఇచ్చినవాళ్లలో 31 శాతం మంది చనిపోయారు. రెండు వైపులా ఉన్నది అవే వెంటిలేటర్లు, అదే జబ్బు. ప్రధానంగా మారింది ఊపిరి పరిమాణం. ప్లాటో ప్రెషర్ (ఊపిరి నిండాక ఊపిరితిత్తుల్లో ఉండే ఒత్తిడి, కింద మళ్లీ చెబుతాను) 30 దాటనివ్వకూడదన్న అంకె స్థిరపడింది కూడా ఆ పరిశోధనతోనే. ఎగ్జామినర్ గారి కోపం నీ మీద కాదు, ఆ అంకె మీద. ఇది తెలిశాక ఎవరైనా "80 కేజీలు" అనగానే నీ నోటి నుంచి మొదట రావాల్సిన మాట: "సార్, నేను ముందు ఎత్తు చూస్తాను." ఆ ఒక్క మాటతో సగం మార్కులు వేసే ఎగ్జామినర్లను నేను చూశాను.

రెండో ప్రశ్న నాకు అన్నిటికంటే ముఖ్యం. సీఓటూ 60 ఉంటే ఆక్సిజన్ పెంచుతానన్నావు. వంటింట్లో పొగ నిండిపోతే ఏం చేస్తాం? కిటికీ తెరుస్తాం. పొయ్యిలోకి కట్టెలు ఎగదొయ్యం కదా. సీఓటూ బయటికి పోవాల్సినది. అది పోవాలంటే నిమిషానికి లోపలికీ బయటికీ ఆడే గాలి పెరగాలి, అంటే రేట్ గానీ టైడల్ వాల్యూమ్ గానీ పెరగాలి. ఆక్సిజన్ లోపలికి రావాల్సినది. దానికి ఎఫ్ఐఓటూ, పీప్ (ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో నిలిపి ఉంచే ఒత్తిడి). వెంటిలేటర్ మీద ఎన్ని నాబ్‌లున్నా, ఏబీజీ చేతికివ్వగానే నిన్ను నువ్వు అడగాల్సింది ఒక్కటే: నా తగువు సీఓటూతోనా, ఆక్సిజన్‌తోనా? అది తేలాకే చేయి నాబ్ మీదికి వెళ్లాలి.

మీ ఎగ్జామినర్ ఇచ్చిన ఏబీజీలో ఆక్సిజన్ 90, బాగానే ఉంది. పీహెచ్ 7.25, సీఓటూ 60. తగువు సీఓటూతోనే. ఇప్పుడున్న రేట్ 12ని 60తో గుణించి, మనకు కావాల్సిన 40తో భాగిస్తే 18. "టైడల్ వాల్యూమ్ ఎత్తుకు సరిపడా ఉంటే దాన్ని కదపను, రేట్ 18కి పెంచి అరగంటకు మళ్లీ ఏబీజీ చూస్తాను" అంటే సరిపోయేది.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. 1952లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడింది. ఊపిరి కండరాలు పడిపోయి పిల్లలు చనిపోతున్నారు. ఆక్సిజన్ ఇస్తున్నా పోతున్నారు. రక్తంలో బైకార్బనేట్ ఎక్కువ కనిపిస్తుంటే అక్కడి పెద్ద డాక్టర్లు దాన్ని ఆల్కలోసిస్ (రక్తంలో క్షారం పెరగడం) అనుకున్నారు. బియోన్ ఇబ్‌సెన్ అనే మత్తు డాక్టర్ మాత్రం, ఇది సీఓటూ లోపల పేరుకుపోవడం, వీళ్లకు కావాల్సింది గాలి ఆడించడం అన్నారు. 12 ఏళ్ల పాప గొంతుకు రంధ్రం చేసి, ట్యూబు వేసి, సంచిని చేత్తో నొక్కి చూపించారు. పాప తేరుకుంది. ఆ తర్వాత వందల మంది వైద్య విద్యార్థులు షిఫ్టులు వేసుకుని, రాత్రింబవళ్లు మంచాల పక్కన కూర్చుని సంచులు నొక్కారు. ఇవాళ మనం పనిచేసే ఐసీయూలకు పునాది పడింది అక్కడే. నువ్వు తికమకపడిన చోటే అంత పెద్ద ఆసుపత్రిలో అనుభవమున్న డాక్టర్లు కూడా తికమకపడ్డారు. నీ తప్పును చిన్నది చేయడానికి ఇది చెప్పడం లేదు. ఈ ఒక్క తేడా పట్టుబడితే ఎంత దూరం వెళ్లొచ్చో చూడమంటున్నాను.

అయితే 12ని 18 చేసేముందు పేషెంట్ ఎవరో చూడాలి. రేట్ 12 అంటే ఒక్కో ఊపిరికి 5 సెకన్లు. లోపలికి 1 సెకను పోతే బయటికి 4 మిగులుతాయి. 18 చేస్తే ఊపిరి మొత్తం 3.3 సెకన్లే, బయటికి 2.3. మామూలు ఊపిరితిత్తులకు అది చాలు. ముప్పై ఏళ్లు బీడీ తాగి సీఓపీడీ (గాలి గొట్టాలు ఇరుకై, ఊపిరి పూర్తిగా వదల్లేని జబ్బు) తెచ్చుకున్న తాతకు చాలదు. పాత గాలి పోకముందే కొత్త గాలి వచ్చి పడుతుంది. గాలి లోపలే పేరుకుని ఆటో పీప్ పెరుగుతుంది, బీపీ పడిపోతుంది. అతనికి రేట్ తగ్గించి, గాలి వదలడానికి సమయం పెంచాలి. పైగా అతని సీఓటూ ఏళ్ల తరబడి 55, 60 దగ్గరే ఉండొచ్చు. దాన్ని 40కి లాగాల్సిన పని లేదు, పీహెచ్ సర్దుకుంటే చాలు. వైవాలో "పేషెంట్‌కు సీఓపీడీ ఉందా సార్?" అని ఎదురు ప్రశ్న వేస్తే ఎవరూ తప్పుపట్టరు. మేం ఎదురుచూసేది ఆ ప్రశ్న కోసమే.

ఇక అలారం. ఇది నీకు వచ్చు. నీ ఉత్తరంలోనే రాశావు, పురుగుమందు కేసు పేషెంట్‌కు తెల్లవారుజామున మూడింటికి ప్రెషర్ 38 కొట్టి అలారం మోగితే, చెస్ట్ మీద చేయి పెట్టి, గురగుర తెలిసి, సక్షన్ చేశావనీ, 24కి దిగిందనీ. ఇది చేసిన పిల్లకు హై ప్రెషర్ కారణాలు తెలియవంటే నేను నమ్మను. నీకు తెలిసినదానికి పేర్లు పెట్టుకోలేదు, అంతే.

పీక్ ప్రెషర్ అంటే దారి, ఊపిరితిత్తులు రెండూ కలిసి ఇచ్చే ఎదురు. ఊపిరి లోపలికి వెళ్లాక ఒక్క క్షణం గాలి ఆపి చూస్తే వచ్చేది ప్లాటో ప్రెషర్, అది ఊపిరితిత్తులది మాత్రమే. ఆ రాత్రి పీక్ 38 ఉన్నప్పుడు ప్లాటో చూసి ఉంటే ఏ 15 దగ్గరో ఉండేది. మధ్యలో 23 తేడా. అంటే ఇబ్బంది దారిలో ఉంది. కఫం, ట్యూబు మెలిక పడటం, పేషెంట్ కొరకడం, ఆస్తమాలో లాగా గొట్టాలు బిగుసుకోవడం. అదే పీక్ 38, ప్లాటో 33 వచ్చిందనుకో, దారి బాగానే ఉంది, ఊపిరితిత్తులే బిగుసుకున్నాయి. న్యుమోథోరాక్స్ (ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరడం), ఏఆర్‌డీఎస్, పల్మనరీ ఎడీమా (ఊపిరితిత్తుల్లో నీరు చేరడం), ట్యూబు కుడివైపుకు దిగిపోవడం. కంప్లయన్స్ (ఊపిరితిత్తులు ఎంత తేలిగ్గా సాగుతాయన్నది) లెక్క అడిగితే టైడల్ వాల్యూమ్‌ను, ప్లాటోలోంచి పీప్ తీసేసిన అంకెతో భాగించు. టైడల్ వాల్యూమ్ 350, పీప్ 5 అనుకుంటే మొదటి పేషెంట్‌కు 35, రెండో పేషెంట్‌కు 12.5. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని ఒక్కసారి చూస్తే ఇక మర్చిపోవు.

వీటన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది, చాలామంది దాన్నే మర్చిపోతారు: "ముందు పేషెంట్‌ను చూస్తాను." సాచురేషన్ పడిపోతుంటే వెంటిలేటర్ విప్పేసి, నూరు శాతం ఆక్సిజన్‌తో అంబు బ్యాగ్ (చేత్తో నొక్కే గాలి సంచి) పట్టుకోవాలి, డాక్టర్‌ను పిలవాలి. లెక్కలు ఆ తర్వాతే. నీ చేయి ఎలాగూ అదే చేస్తుంది. ఆ మాట బయటికి చెప్పాలి, అంతే.

వీనింగ్ (పేషెంట్‌ను వెంటిలేటర్ నుంచి విడిపించడం) గురించి నువ్వు అడగలేదు గానీ తప్పకుండా అడుగుతారు. నిమిషానికి తీసుకునే ఊపిరుల సంఖ్యను లీటర్లలో టైడల్ వాల్యూమ్‌తో భాగిస్తే 105 లోపు ఉండాలి. 30 ఊపిరులు, 0.3 లీటర్లయితే 100, ప్రయత్నించొచ్చు. 35, 0.25 అయితే 140, ఇంకా ఆగాలి. ఆ అంకె ఒక్కటే చూసి ట్యూబు తీయరు. దగ్గు బలం, స్పృహ, కఫం అన్నీ చూస్తారు. ఇంతవరకు చాలు.

ఇప్పుడు ఎలా చదవాలన్నది. బిట్ల పీడీఎఫ్ థియరీకి సాయం చేస్తుంది, కానీ నువ్వు థియరీ పాసయ్యావు. తప్పింది నోటి దగ్గర. ఆరు వందల బిట్లు బట్టీ పడితే మళ్లీ "కేజీకి 8" లాంటివే ఇంకో ఆరు వందలు పోగవుతాయి. పుస్తకం మొదటి నుంచి చివరి దాకా అన్న సార్ మాట మంచిదే, కానీ రెండు నెలల్లో, నాలుగు రాత్రుల డ్యూటీతో అది జరగదు. మధ్యలో వదిలేస్తావు, అదొక దిగులు. మొదటి సెట్టింగులు, ఏబీజీ చూసి మార్చడం, అలారాలు, వీనింగ్, ఈ నాలుగు అధ్యాయాలే తీసుకుని నాలుగుసార్లు చదవమంటాను.

దానితోపాటు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకో. డ్యూటీలో రాత్రికి ఒక్క పేషెంట్. పేరు, బెడ్ నంబరు వద్దు. ఎత్తు, జబ్బు, ఇప్పుడున్న సెట్టింగులు, ఏబీజీ. కింద ఒక్క వాక్యం: తగువు దేనితో? ఉదయం హాస్టల్‌కు వెళ్లాక దాన్ని పైకి చెప్పు, ముందు తెలుగులో. నువ్వు ఆలోచించేది తెలుగులో, వైవాలో అడిగేది ఇంగ్లిష్‌లో. ఆ మధ్య దూరంలోనే నువ్వు ఆగిపోతున్నావు. తెలుగులో కారణం తడబడకుండా వచ్చాక అదే సంగతి ఇంగ్లిష్‌లో చిన్న చిన్న వాక్యాల్లో చెప్పు. రూమ్మేట్‌ను ఎదురుగా కూర్చోబెట్టి అడగమను. ఆ అమ్మాయికి కోడింగ్ మీద మనసున్నా, నీకు పది నిమిషాలు ఇస్తుంది. ఇంకో మాట, చదివినదాన్ని వెంటనే చేత్తో చేసి చూడాలనిపిస్తుంది. డాక్టర్ ఆర్డర్ లేకుండా సెట్టింగ్ మార్చొద్దు. నోటుపుస్తకంలో రాసుకో, డాక్టర్ ఏం మార్చారో చూసి పోల్చుకో.

డ్యూటీ విషయంలో నీ ముందు మూడు దారులున్నాయి. ఉద్యోగం పూర్తిగా మానేస్తే నిద్ర, సమయం దొరుకుతాయి. కానీ రెండు నెలల్లో 24,000 పోతాయి, ఇంటికి డబ్బు ఆగితే నాన్నగారు అడుగుతారు, పైగా నీకు బాగా పాఠం చెబుతున్న ఐసీయూ దూరమవుతుంది. ఇలాగే నాలుగు రాత్రులూ చేస్తూ రాస్తే డబ్బు ఆగదు, కానీ నిద్రలేని బుర్ర ప్రశ్న వినగానే మొద్దుబారుతుంది. పోయినసారి వైవాకు ముందు రోజు కూడా నైట్ చేశానని రాశావు, అది చదివి నాకు బాధేసింది. వారానికి రెండు రాత్రులకు తగ్గించమని అడగడం మూడో దారి. ఇన్‌ఛార్జ్ ఒప్పుకుంటే నేను దీనికే మొగ్గుతాను. ఒప్పుకోకపోతే చివరి రెండు వారాలైనా సెలవు అడుగు. ఒంట్లో ఓపిక లేక ఈ సప్లిమెంటరీ వదిలేసి తర్వాతిసారి రాయాలనుకుంటే అదీ తప్పు కాదు. కాకపోతే ఇంటర్న్‌షిప్ ఎన్ని నెలలు వెనక్కి పోతుందో ముందే కాలేజీ ఆఫీసులో కనుక్కో.

మెడికల్ కోడింగ్ మంచి ఉద్యోగమే, ఎందరో కుటుంబాలు నిలబెట్టుకున్నారు. నీకు నిజంగా ఇష్టమైతే వెళ్లు. కానీ ఉత్తరంలో నువ్వు ఇష్టంగా రాసినవన్నీ ఐసీయూ గురించే. ఆ నిర్ణయం వైవా ఇచ్చిన మర్నాడు తీసుకో. ఈ దెబ్బ పచ్చిగా ఉన్నప్పుడు వద్దు.

ఇంటి సంగతి నువ్వే తేల్చుకోవాలి. ఇప్పుడే చెబితే కొన్నాళ్లు ఇంట్లో గొడవ, పెళ్లి మాట రావచ్చు. చెప్పకపోతే ప్రతి ఫోన్‌కూ ఒక కొత్త అబద్ధం కావాలి, చదవాల్సిన మనసు దాని మీదే ఉంటుంది. వేరే ఎవరి నోటనో తెలిస్తే నాన్నగారికి తప్పడం కంటే దాచడం ఎక్కువ నొప్పి. చెప్పాలనుకుంటే చేతిలో పరీక్ష తేదీ, ఫీజు రసీదు పెట్టుకుని చెప్పు. "నాన్నా, ఒక్క ప్రాక్టికల్ ఆగింది, ఫలానా తేదీన రాస్తున్నా" అంటే ఆయనకూ పట్టుకోవడానికి ఒకటుంటుంది. ముందు అమ్మకు చెబితే నాన్నకు తెలిసిపోతుందని రాశావు. తెలియనీ. కొన్ని మాటలు అమ్మ నోట వెళితేనే మెత్తగా దిగుతాయి.

పనికొస్తానా అని అడిగావు. తెల్లవారుజామున మూడింటికి అలారం వినగానే మిషన్ వైపు కాకుండా పేషెంట్ గుండెల మీదికి చేయి వెళ్లిన పిల్లవి. నా ఐసీయూలో ఉంటే నిన్ను వదులుకోను.

నీకో లెక్క ఇస్తున్నాను. మగమనిషి, ఎత్తు 170 సెంటీమీటర్లు, బరువు 58 కేజీలు. పొలంలో కట్లపాము కాటు, కండరాలు పడిపోయి వెంటిలేటర్ మీద ఉన్నాడు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. టైడల్ వాల్యూమ్ 450, రేట్ 14, ఎఫ్ఐఓటూ 40 శాతం, పీప్ 5. పీహెచ్ 7.52, సీఓటూ 28, ఆక్సిజన్ 110. తగువు దేనితో, ఏం మారుస్తావు, ఎంతకు, ఎందుకు? తెలుగులో రాసి పంపు. 58ని మాత్రం దేనితోనూ గుణించకు.